బంగారం వేటకూ పురావస్తువుల వేటకూ మెటల్ డిటెక్టర్లు

నేలలోనో నీటిలోనో కంటికి కనిపించకుండా ఉన్న లోహపు వస్తువును విద్యుదయస్కాంత ప్రేరణ సాయంతో పసిగట్టే పరికరాన్ని మెటల్ డిటెక్టర్ అంటారు. మందుపాతరలు వెలికితీసే సైనికులూ విమానాశ్రయాల భద్రతా సిబ్బందీ వాడేవి కూడా ఈ సూత్రం మీదే పనిచేస్తాయి గానీ, ఈ వ్యాసం రెండు రకాల అన్వేషణలకు వాడే చేతి పరికరాల పోలికకు పరిమితం. మొదటిది ఆస్ట్రేలియాలోని విక్టోరియా, పశ్చిమ ఆస్ట్రేలియా రాష్ట్రాల్లో సహజమైన బంగారు గడ్డల కోసం సాగే వేట. రెండోది పూర్వకాలపు మనుషులు పోగొట్టుకున్న, దాచిపెట్టిన, పారేసిన నాణేలు, నగలు, ఆయుధాల కోసం ఇంగ్లండ్ పొలాల్లోనూ అమెరికా, జర్మనీల పాత యుద్ధభూముల్లోనూ సాగే వేట. పైకి ఒకేలా కనిపించే ఈ రెండు పనులూ పరికరం నుంచి కోరేది చాలావరకు పరస్పర విరుద్ధం. బంగారం వెతికేవారికి ఎంత మొండి నేలలోనైనా బియ్యపు నూకంత లోహాన్ని కూడా వదలకుండా చెప్పే యంత్రం కావాలి. పురావస్తువులు వెతికేవారికి నేలలోని లోహం ఏ తరహాదో చెప్పి, తుప్పుపట్టిన మేకుల మధ్య నుంచి వెండి నాణేన్ని వేరుచేసి చూపే యంత్రం కావాలి. డిటెక్టర్లను ధరనుబట్టో లోతునుబట్టో వరుసగా పేర్చే పట్టికలు అందుకే కొనేవారిని తరచూ తప్పుదారి పట్టిస్తాయి. నేల స్వభావం, వెతికే వస్తువు పరిమాణం, ఆ చోట పేరుకున్న చెత్త లోహం తెలియనిదే ఏ పోలికా నిలబడదు.

పనిచేసే తీరు

డిటెక్టర్ అడుగున ఉండే పళ్లెంలాంటి భాగంలో రాగి తీగచుట్ట ఉంటుంది. దానిలో మారుతూ పోయే విద్యుత్తు చుట్టూ మారే అయస్కాంత క్షేత్రాన్ని పుట్టిస్తుంది. ఆ క్షేత్రం నేలలోని లోహాన్ని తాకినప్పుడు, 1831లో మైకేల్ ఫారడే కనుగొన్న ప్రేరణ నియమం ప్రకారం, ఆ లోహంలో సుడులు తిరిగే చిన్న ప్రవాహాలు పుడతాయి. వీటినే సుడి ప్రవాహాలంటారు. ఈ ప్రవాహాలు తమ వంతుగా మరో బలహీనమైన క్షేత్రాన్ని వెలువరిస్తే, దానిని గ్రాహక చుట్ట అందుకుని శబ్దంగానో తెరమీద అంకెగానో మారుస్తుంది. చుట్ట నుంచి వస్తువు దూరం పెరిగేకొద్దీ ఈ తిరుగు సంకేతం విపరీతంగా క్షీణిస్తుంది: చుట్ట వ్యాసంతో పోలిస్తే దూరం ఎక్కువగా ఉన్న చిన్న వస్తువు విషయంలో సంకేతం సుమారుగా దూరం ఆరో ఘాతానికి విలోమంగా తగ్గుతుంది, అంటే లోతు రెట్టింపైతే సంకేతం 64వ వంతుకు పడిపోతుంది. పరికరం శక్తిని రెట్టింపు చేసినా లోతు కొద్దిగానే పెరగడానికి కారణం ఇదే. చిన్న నాణేన్ని మీటరు లోతున పట్టగలదని చెప్పే ప్రకటనలను నమ్మకూడదనడానికి ఈ ఒక్క నియమం చాలు.

బంగారం విషయంలో మొదటిసారి చదివేవారిని తికమకపెట్టే సంగతి ఒకటుంది. వెండి, రాగి తరవాత అత్యుత్తమ విద్యుద్వాహకం బంగారమే. అయినా డిటెక్టర్ లెక్కలో చిన్న బంగారు గడ్డ అధమ వాహకాల సరసన, సిగరెట్ పెట్టెలోని రేకుముక్క పక్కన చేరుతుంది. పరికరం నిజంగా కొలిచేది లోహపు జాతిని కాక సుడి ప్రవాహం ఎంతసేపు నిలుస్తుందన్న కాలాన్ని. ఆ కాలం లోహపు వాహకత మీద ఎంత ఆధారపడుతుందో, వస్తువు పరిమాణం, మందం, ఆకారం మీద కూడా అంతే ఆధారపడుతుంది. గుండ్రంగా నునుపుగా ఉన్న వెండి నాణెంలో ప్రవాహం చాలాసేపు తిరుగుతుంది. పలుగురాయి, అంటే క్వార్ట్జ్, పగుళ్లలో స్పంజిలా గుల్లగా పెరిగిన అరగ్రాము బంగారంలో అది పుట్టీ పుట్టకముందే చస్తుంది. పైగా గనిలో దొరికే సహజ బంగారంలో వెండి కలిసి ఉంటుంది, ఈ మిశ్రమానికి శుద్ధ బంగారం కన్నా వాహకత బాగా తక్కువ. ఇలా త్వరగా ఆరిపోయే ప్రవాహాన్ని పట్టుకోవాలంటే సెకనుకు ఎక్కువసార్లు మారే క్షేత్రం, అంటే హెచ్చు పౌనఃపున్యం, అవసరం. అందువల్లనే బంగారం కోసం ప్రత్యేకంగా తయారైన ఫిషర్ గోల్డ్ బగ్ 2 పౌనఃపున్యం 71 కిలోహెర్ట్జ్, మైన్‌ల్యాబ్ గోల్డ్ మాన్‌స్టర్ 1000ది 45, గారెట్ 24కేది 48. నాణేల కోసం వాడే పరికరాలు ఎక్కువగా 5 నుంచి 20 కిలోహెర్ట్జ్ మధ్య పనిచేస్తాయి, ఎందుకంటే పెద్ద వెండి, రాగి వస్తువులకు తక్కువ పౌనఃపున్యమే ఎక్కువ లోతుకు చేరుతుంది.

నేల

లోహం కన్నా ముందు డిటెక్టర్‌కు వినిపించేది నేల. మాగ్నటైట్ వంటి ఇనుప ఖనిజాలున్న నేల, చుట్ట కింద ఉన్నంతసేపూ, లోహం పంపే సంకేతం కన్నా ఎన్నో రెట్లు బలమైన సంకేతం పంపుతూనే ఉంటుంది. దానిని లెక్కలోంచి తీసేసే అమరికను గ్రౌండ్ బ్యాలెన్స్ అంటారు. మాగ్నటైట్‌తో ఇబ్బంది కొంతే; అసలు చిక్కు ఆస్ట్రేలియా ఎర్ర నేలల్లో, జేగురు రాళ్లలో సమృద్ధిగా ఉండే మాగ్‌హెమైట్ సూక్ష్మకణాలతో వస్తుంది. క్షేత్రం మారినప్పుడు ఇవి వెంటనే మారకుండా కాస్త వెనకబడి, నెమ్మదిగా సర్దుకుంటాయి. ఈ ఆలస్యాన్ని అయస్కాంత స్నిగ్ధత అంటారు. లోహంలోని సుడి ప్రవాహం ఆరిపోవడానికి పట్టే కాలమూ ఈ ఆలస్యమూ ఒకే స్థాయిలో ఉండడంతో సాధారణ పరికరం నేలనే లోహమని భ్రమపడుతుంది. బాగా కాలిన మట్టికీ, కొన్ని రకాల ఇటుకకూ, పాత పొయ్యిల అడుగు నేలకూ ఇదే లక్షణం ఉంటుంది కాబట్టి పురావస్తు స్థలాల్లోనూ ఈ బాధ తప్పదు. ఇనుప ఖనిజం దండిగా ఉండి నిజమైన లోహంలాగే కూసే రాళ్లను వేటగాళ్లు హాట్ రాక్స్ అంటారు. తడిసిన ఉప్పు నేలది వేరే సమస్య: అదే స్వయంగా విద్యుద్వాహకం కాబట్టి హెచ్చు పౌనఃపున్యపు పరికరాలు సముద్రతీరంలోనూ, పశ్చిమ ఆస్ట్రేలియా ఉప్పు సరస్సుల అంచుల్లోనూ నిలకడగా పనిచేయలేవు.

రెండు సాంకేతిక వంశాలు

వాడుకలో ఉన్న డిటెక్టర్లు ప్రధానంగా రెండు వంశాలకు చెందుతాయి. మొదటిది వీఎల్ఎఫ్, అంటే అతి తక్కువ పౌనఃపున్యపు రకం. ఇందులో పంపే చుట్ట ఎడతెగకుండా క్షేత్రాన్ని పంపుతుంటే, దాని ప్రభావం తనమీద పడకుండా సమతూకంలో అమర్చిన గ్రాహక చుట్ట వినడమే పనిగా ఉంటుంది. పంపిన తరంగానికీ తిరిగివచ్చిన తరంగానికీ మధ్య ఉన్న దశాభేదాన్నిబట్టి వస్తువు ఇనుమా, రేకా, వెండా అన్నది ఊహించి అంకెగా చూపుతుంది. ఉదాహరణకు 2018లో వచ్చిన మైన్‌ల్యాబ్ ఈక్వినాక్స్ 800లో ఈ అంకెలు మైనస్ 9 నుంచి 40 వరకు ఉంటాయి. సున్నా దాకా ఇనుముకు కేటాయించినవి, పై అంకెలు వెండి, రాగి నాణేలవి, బంగారపు చిన్న గడ్డలు మాత్రం అడుగు అంకెల్లో రేకుముక్కలతో కలిసిపోతాయి. చెత్తను వడకట్టే ఈ శక్తిని వివేచన అనవచ్చు. బంగారం వేటలో ఈ వివేచనను ఎంతగా వాడితే అంత బంగారం పోతుంది, ఎందుకంటే ఇనుప ఖనిజపు నేలలో చిన్న గడ్డను కూడా యంత్రం ఇనుముగానే చదువుతుంది.

రెండో వంశం పల్స్ ఇండక్షన్, అంటే స్పంద ప్రేరణ. ఇందులో ఎడతెగని తరంగం ఉండదు. చుట్టలోకి బలమైన విద్యుత్ స్పందాన్ని పంపి, దాన్ని హఠాత్తుగా ఆపేసి, కొన్ని మైక్రోసెకన్లు ఆగి, నేలలో ఇంకా ఏమైనా ప్రవాహం మిగిలి ఉందా అని పరికరం వింటుంది. అలా ఆగి వినడంతో మాగ్నటైట్ గోల చాలావరకు తగ్గిపోతుంది. అయినా మాగ్‌హెమైట్ ఆలస్యపు సంకేతం మిగిలేది. అడిలైడ్‌లో 1985లో మొదలైన మైన్‌ల్యాబ్ సంస్థలో భౌతికశాస్త్రవేత్త బ్రూస్ కాండీ చేసిన కృషి ఈ చిక్కును విప్పింది: వేర్వేరు నిడివిగల స్పందాలను ఒకదాని తరవాత ఒకటి పంపి, వాటి జవాబులను పోల్చి, నేల భాగాన్ని తీసివేస్తే లోహం భాగం మిగులుతుంది. ఈ పద్ధతితో 1995లో వచ్చిన ఎస్‌డీ 2000, వీఎల్ఎఫ్ యంత్రాలు వెతికి వదిలేసిన విక్టోరియా గుట్టలను మళ్లీ తెరిచింది. వేటగాడు ఆ రోజుల్లో బరువైన లెడ్ యాసిడ్ బ్యాటరీని వీపున మోస్తూ తిరగవలసి వచ్చేది. దాని సంతతిలో జీపీఎక్స్ 5000, అదే ధ్యేయంతో మరో విధంగా తయారై 2015లో వచ్చిన జీపీజెడ్ 7000, 2021 నాటి తేలికైన జీపీఎక్స్ 6000 ముఖ్యమైనవి. సుమారు 3.3 కిలోల జీపీజెడ్ లోతైన గడ్డలకు ప్రసిద్ధి పొందితే, దాదాపు 2.1 కిలోల జీపీఎక్స్ 6000 చిన్న రేణువుల పట్ల సున్నితత్వానికీ రోజంతా మోయగలిగే తేలికదనానికీ పేరు తెచ్చుకుంది. ఈ వంశపు పెద్ద లోపం ఇనుమును నమ్మకంగా గుర్తించలేకపోవడం. పాత గోల్డ్‌ఫీల్డ్‌లో మేకులు, బూటు శీలలు, తుపాకీ సీసపు గుండ్లు, డబ్బా రేకులు అంతటా ఉంటాయి కాబట్టి కూసిన ప్రతిచోటా తవ్వడం తప్ప వేటగాడికి మార్గం లేదు.

చుట్ట ఎంపిక యంత్రం ఎంపికంత ముఖ్యం. పెద్ద చుట్ట పెద్ద వస్తువును లోతున పడుతుంది గానీ చిన్న రేణువును వదిలేస్తుంది, ఎక్కువ నేలను ఒకేసారి చూస్తుంది కాబట్టి నేల గోలనూ ఎక్కువ వింటుంది. రెండు ఇంగ్లిష్ డి అక్షరాలను వీపులు కలిపినట్టుండే డబుల్ డి చుట్ట మొండి నేలలో నిలకడగా ఉంటుంది. ఒకే తీగ పంపడమూ వినడమూ చేసే మోనో చుట్ట స్పంద ప్రేరణకే పరిమితం, తేలిక నేలలో దాని లోతు ఎక్కువ.

పుట్టుక

ఈ పరికరపు చరిత్రలో బాగా తెలిసిన తొలి ప్రయత్నం ఒక వైఫల్యం. 1881 జులై 2న అమెరికా అధ్యక్షుడు జేమ్స్ గార్‌ఫీల్డ్ మీద కాల్పులు జరిగాయి. శరీరంలో ఉండిపోయిన గుండు ఎక్కడుందో కనిపెట్టడానికి టెలిఫోన్ నిర్మాత అలెగ్జాండర్ గ్రాహంబెల్ ప్రేరణ తులను, అంటే సమతూకంలో ఉన్న రెండు చుట్టల పరికరాన్ని, తెచ్చి రెండుసార్లు ప్రయత్నించాడు. పరుపులోని ఉక్కు స్ప్రింగులు పరికరాన్ని తప్పుదోవ పట్టించాయి. వైద్యుడు గుండు కుడివైపే ఉందన్న నమ్మకంతో ఆవైపే వెతకనిచ్చాడు, గుండు నిజానికి ఎడమవైపు ఉంది. గార్‌ఫీల్డ్ సెప్టెంబరు 19న మరణించాడు. దగ్గరి ఇనుము పక్కనున్న లోహాన్ని మరుగుపరచడమనే ఆ చిక్కు పురావస్తువుల వేటలో నేటికీ మొదటి సమస్యే.

జర్మనీ నుంచి అమెరికాకు వచ్చిన ఇంజనీరు గెర్హార్డ్ ఫిషర్ 1931లో స్థాపించిన సంస్థ పౌరుల వాడకానికి తగిన పరికరాలను అమ్మడం మొదలుపెట్టింది. రెండో ప్రపంచయుద్ధంలో పోలండ్ సైనికాధికారి యూజెఫ్ కొసాట్స్కీ స్కాట్లండ్‌లో రూపొందించిన మందుపాతర డిటెక్టర్‌ను 1942లో ఎల్ అలమైన్ యుద్ధంలో వాడారు. యుద్ధం ముగిశాక మిగులు సైనిక పరికరాలు బజారులోకి రావడంతో నాణేల వేట వినోదంగా పాకింది.

బంగారు క్షేత్రాల అనుభవం

విక్టోరియాలో 1851లో బంగారు వేట మొదలైంది. 1869లో మోలియాగల్ దగ్గర దొరికిన వెల్‌కమ్ స్ట్రేంజర్ అనే గడ్డ నేలకు కొన్ని సెంటీమీటర్ల లోపలే ఉంది. అలాంటివి కాళ్ల కిందే ఉండి కూడా కంటికి ఆననివి ఇంకా ఎన్ని ఉంటాయన్న ఆశకు 1980లో జవాబు దొరికింది. ఆ ఏడాది కింగోవర్ దగ్గర కెవిన్ హిలియర్ గారెట్ డిటెక్టర్‌తో వెతుకుతూ సుమారు 30 సెంటీమీటర్ల లోతున నిలువుగా ఉన్న 27.2 కిలోల గడ్డను కనుగొన్నాడు. హ్యాండ్ ఆఫ్ ఫెయిత్ అని పేరుపెట్టిన ఈ గడ్డను పది లక్షల డాలర్లకు పైగా చెల్లించి లాస్ వేగస్‌లోని ఒక కేసినో కొన్నది. ఖరీదైన యంత్రమే గొప్ప ఫలితమిస్తుందన్న నమ్మకాన్ని 2023లో వెలుగులోకి వచ్చిన మరో ఉదంతం సడలిస్తుంది: అదే రాష్ట్రంలో ఒక ఔత్సాహికుడు మధ్యతరగతి ధరకు దొరికే ఈక్వినాక్స్ 800తో 4.6 కిలోల రాయిని వెలికితీశాడు, అందులో 2.6 కిలోల బంగారం ఉందని తేలింది. పెద్ద వస్తువు పైపైన ఉంటే ఏ యంత్రమైనా దానిని చెబుతుంది. యంత్రాల తేడా తెలిసేది గ్రాములోపు రేణువుల దగ్గరా, లోతైన ఎర్ర నేలల్లోనూ.

పురావస్తువుల వేట

ఇంగ్లండ్ పొలంలో ఎదురయ్యే సమస్య వేరు. వెయ్యి, రెండు వేల ఏళ్లుగా మనుషులు నివసించిన చోట ఇనుప మేకులు గజానికి పదుల సంఖ్యలో ఉంటాయి. వాటి సంకేతం పక్కనున్న చిన్న వెండి నాణెపు సంకేతాన్ని కప్పేస్తుంది. దీనిని మరుగుపాటు అంటారు. ఒక సంకేతాన్ని చెప్పి ముగించి వెంటనే పక్కదానిని వినగలిగే వేగమే ఇక్కడ యంత్రానికి గీటురాయి. ఫ్రాన్సుకు చెందిన ఎక్స్‌పీ సంస్థ 2009లో తెచ్చిన డ్యూస్ ఈ వేగం వల్లా, తీగలు లేని తేలికైన నిర్మాణం వల్లా యూరప్ అంతటా ఆదరణ పొందింది. ఒకేసారి అనేక పౌనఃపున్యాల్లో పనిచేసే ఈక్వినాక్స్, 2021లో వచ్చిన డ్యూస్ 2 ఆ తరవాతి తరానివి. తడి ఇసుక మీద కూడా ఇవి నిలకడగా ఉండటానికి కారణం అనేక పౌనఃపున్యాల జవాబులను పోల్చి ఉప్పు ప్రభావాన్ని తీసివేయగలగడం. ఇలాంటి పొలంలో స్పంద ప్రేరణ యంత్రాన్ని వాడితే సాయంత్రానికి మిగిలేది సంచెడు మేకులు. చెత్త తక్కువగా ఉన్న, ఇనుప ఖనిజం ఎక్కువగా ఉన్న యుద్ధభూములు మాత్రం దీనికి మినహాయింపు. అమెరికాలోని వర్జీనియా ఎర్ర నేలల్లో అంతర్యుద్ధ కాలపు సీసపు గుండ్లు, బొత్తాలు వెతికేవారిలో కొందరు బంగారపు యంత్రాలనే వాడతారు.

ఈ వేటకూ బంగారపు వేటకూ మధ్య యంత్రాన్ని మించిన తేడా ఒకటుంది. బంగారు గడ్డను ఎక్కడి నుంచి తీసినా దాని విలువ తూకంలోనే ఉంటుంది. నాణెం విలువలో సగానికి పైగా అది పడివున్న చోటులో, పక్కనున్న వస్తువుల వరుసలో ఉంటుంది, ఆ వరుస ఒకసారి చెదిరితే మళ్లీ రాదు. 1992 నవంబరు 16న సఫోక్‌లోని హాక్స్‌నెలో మిత్రుడి సుత్తి పోతే దాన్ని వెతకబోయిన ఎరిక్ లాస్‌కు రోమన్ నిక్షేపం తగిలింది. కొన్ని వస్తువులు బయటపడగానే అతడు ఆగి అధికారులకు చెప్పడంతో, పెట్టెలో నగలూ వెండి పాత్రలూ 14,865 నాణేలూ ఏ విధంగా సర్ది ఉన్నాయో పురావస్తు శాస్త్రజ్ఞులు చూడగలిగారు. ఆ సుత్తి కూడా ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. 2010లో సోమర్సెట్‌లోని ఫ్రోమ్ దగ్గర డేవ్ క్రిస్ప్ చేసింది ఇంకా విలువైన పని. కుండలో నాణేలున్నాయని తెలియగానే అతడు తవ్వకం ఆపాడు. శాస్త్రజ్ఞులు 52,503 నాణేలను పొరలు పొరలుగా తీసినప్పుడు, అన్నింటికన్నా తరవాతి కాలానికి చెందిన, రోమన్ పాలకుడు కరౌసియస్ నాణేల్లో అత్యధిక భాగం కుండ సగానికి కింది పొరలో కనిపించింది. ఏళ్ల తరబడి కూడబెట్టిన కుండైతే కొత్త నాణేలు పైన ఉండాలి. కాబట్టి ఈ కుండను ఒకేసారి నింపారని తేలింది. తొందరపడి కుండను చేతులతో కుమ్మరించి ఉంటే నాణేలన్నీ దక్కేవి, ఈ సంగతి దక్కేది కాదు.

చదువుకున్న చేతుల్లో డిటెక్టర్ చరిత్రనే తిరగరాసిన సందర్భాలున్నాయి. మోంటానాలోని లిటిల్ బిగ్‌హార్న్ యుద్ధం 1876 జూన్‌లో జరిగింది; 1983లో గడ్డి కాలిపోయి నేల బయటపడగా, మరుసటి ఏడాది నుంచి డగ్లస్ స్కాట్, రిచర్డ్ ఫాక్స్ ఔత్సాహికుల చేత డిటెక్టర్లతో వరుసగా నడిపించి, సంకేతం వచ్చిన ప్రతిచోటా చిన్న జెండా పాతించి, వస్తువు ఉన్న స్థానాన్ని నమోదు చేశాకే తీయించారు. ఖాళీ తూటా గొట్టాల మీద తుపాకీ సూది చేసిన గుర్తును పోలీసు ప్రయోగశాల పద్ధతిలో పోల్చి, ఏ తుపాకీ యుద్ధంలో ఎక్కడి నుంచి ఎక్కడికి కదిలిందో చెప్పగలిగారు. జర్మనీలోని కాల్‌క్రీసెలో 1987లో బ్రిటిష్ సైనికాధికారి టోనీ క్లన్ వెండి నాణేలనూ, ఆ తరవాత సీసపు వడిసెల గుండ్లనూ కనుగొనడంతో, క్రీ.శ. 9లో మూడు రోమన్ దళాలు నాశనమైన యుద్ధం ఆ ప్రాంతంలో జరిగిందన్న వాదనకు గట్టి ఆధారం దొరికింది. ఈ రెండింటా యంత్రం కన్నా నమోదు గొప్ప పని చేసింది.

చట్టం

సర్రేలోని వాన్‌బరో రోమన్ ఆలయ స్థలాన్ని 1983–85 మధ్య వేటగాళ్లు రాత్రివేళ తవ్వి వేల నాణేలను తరలించుకుపోవడం ఇంగ్లండ్‌లో చట్టం మార్పుకు దారితీసింది. 1996 ట్రెజర్ చట్టం ప్రకారం 300 ఏళ్లకు పైబడి, పదో వంతైనా బంగారమో వెండో ఉన్న వస్తువులనూ, నాణేల నిక్షేపాలనూ కనుగొన్న 14 రోజుల్లోగా కరోనర్ అనే అధికారికి తెలపాలి. మ్యూజియం తీసుకుంటే పారితోషికం సాధారణంగా కనుగొన్నవారికీ భూమి యజమానికీ చెందుతుంది. చిన్న వస్తువులను కూడా స్వచ్ఛందంగా నమోదు చేసే పోర్టబుల్ యాంటిక్విటీస్ పథకంలో పది లక్షలకు పైగా వస్తువులు చేరాయి. ఐర్లండ్ ఇందుకు విరుద్ధంగా 1987 నుంచి, అనుమతి లేకుండా పురావస్తువుల కోసం డిటెక్టర్ వాడటాన్నే నిషేధించింది. విక్టోరియాలో బంగారం వెతకడానికి మైనర్స్ రైట్ అనే అనుమతి పత్రం తీసుకోవాలి, చేతి పనిముట్లే వాడాలి, గుంతలు పూడ్చాలి.

భారతదేశంలో 1878 నాటి నిధుల చట్టం ప్రకారం నేలలో దొరికిన పది రూపాయలకు మించిన నిక్షేపాన్ని కలెక్టరుకు తెలపాలి; 1958 నాటి పురాతన కట్టడాల చట్టం రక్షిత స్థలాల్లో లైసెన్సు లేని తవ్వకాన్ని నిషేధిస్తుంది. రాయలసీమలోనూ తెలంగాణలోనూ లంకెబిందెల ఆశతో పాడుబడిన కోటలనూ, గుళ్లలోని విగ్రహాల పీఠాలనూ తవ్వే ముఠాలు డిటెక్టర్లతో పట్టుబడటం పత్రికల్లో తరచూ కనిపించే వార్త. వీరు చేసే నష్టం దొంగతనాన్ని మించినది, ఎందుకంటే ఏమీ దొరకని చోట కూడా నేల పొరల సాక్ష్యం చెరిగిపోతుంది. దూరం నుంచే బంగారాన్ని చూపుతుందని అమ్మే యాంటెన్నా పరికరాల వెనక ఏ భౌతిక సూత్రమూ లేదు. ఇదే తరహాలో బాంబులను పసిగడుతుందని ఇరాక్‌కు అమ్మిన ఏడీఈ 651 వట్టి డొల్ల అని తేలి, 2013లో దాని విక్రేతకు బ్రిటన్ కోర్టు పదేళ్ల జైలు విధించింది.

దక్కన్‌లో బంగారం ఉన్నా ఆస్ట్రేలియా తరహా వేట పెరగకపోవడానికి భూగర్భ కారణమే ఉంది. 2001లో మూతపడిన కోలారు గనుల్లోనూ, అనంతపురం ప్రాంతపు రామగిరిలోనూ బంగారం రాతి సిరల్లో టన్నుకు కొన్ని గ్రాముల చొప్పున కంటికి ఆనని రేణువులుగా చెదిరి ఉంటుంది. కోలారు గనులు మూడు కిలోమీటర్ల లోతు దాటాయి. అలాంటి ముడిరాయి ఎంత పెద్దదైనా చుట్ట కింద నిశ్శబ్దంగానే ఉంటుంది, ఎందుకంటే విడివిడి సూక్ష్మరేణువుల్లో సుడి ప్రవాహం నిలవదు. తొలకరి వానలు పడగానే కర్నూలు వైపు జొన్నగిరి, తుగ్గలి చేలల్లోనూ, వజ్రకరూరు పరిసరాల్లోనూ వందల మంది వజ్రాల కోసం వంగి నేల చూస్తూ తిరుగుతారు. వజ్రం కర్బనం, విద్యుద్వాహకం కాదు కాబట్టి వీఎల్ఎఫ్ అయినా స్పంద ప్రేరణ అయినా దానిని పసిగట్టే డిటెక్టర్ లేదు, అక్కడ పనికివచ్చేవి ఎండ పొడా, కన్నూ మాత్రమే.